జనానా గుమ్మం దాటిన డాక్టరమ్మ: గుంటూరు అన్నా కుగ్లర్ జీవితం

చీడికాడ, మాడుగుల, చోడవరం వైపు ఊళ్ళలో కాన్పు కష్టమైతే పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వినిపించే మాట ఒకటుంది: ఘోషాసుపత్రి. విశాఖలోని విక్టోరియా ఆసుపత్రికి జనం పెట్టుకున్న పేరు అది. ఆ పేరులో ఉన్న మాట మన ఉర్దూదే. గోషా అంటే మూల, ఏకాంతం. గోషానషీన్ అంటే నలుగురి కంటా పడకుండా ఉండేవారు. తెలుగు నాలుక మీద అది ఘోషా అయింది. పర్దా పాటించే ఆడవాళ్ళు కూడా నిస్సంకోచంగా వచ్చి వైద్యం చేయించుకునే చోటు అని ఆ పేరుకు అర్థం.

ఇలాంటి ఆసుపత్రులు ఊరికే పుట్టలేదు. నూటనలభై ఏళ్ళ క్రితం పర్దా వెనక ఉన్న ఆడమనిషికి జబ్బు చేస్తే ఆమెను చూసే దిక్కు ఉండేది కాదు. హకీం సాబ్ గుమ్మం బయటే కూర్చునేవారు. జబ్బు ఏమిటో భర్తో, అత్తో వచ్చి చెప్పేవారు. మహా అయితే తెర సందులోంచి చేయి చాపితే నాడి చూసేవారు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగినా, కాన్పు తర్వాత జ్వరం తగ్గకపోయినా మంత్రసానికి తెలిసిందే వైద్యం. మద్రాసు వైద్య కళాశాల 1875లో ఆడపిల్లలకు తలుపులు తెరిచింది. అక్కడ చదివిన మేరీ షార్లీబ్ చొరవతో 1885లో మద్రాసులో గోషా స్త్రీల ఆసుపత్రి వచ్చింది. ఆ రెండు సంవత్సరాల మధ్య, 1883లో, గుంటూరుకు ఒక అమెరికన్ యువతి వచ్చారు. ఆమె పేరు అన్నా సారా కుగ్లర్. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అంటే తెలియనివారు తక్కువ. ఆ పేరు వెనక ఉన్న మనిషి గురించి మాత్రం ఈ తరానికి తెలిసింది కొంచెమే.

పిచ్చాసుపత్రిలో మొదటి పాఠం

అన్నా 1856 ఏప్రిల్ 19న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్‌లో పుట్టారు. అప్పట్లో అమెరికాలో కూడా ఆడపిల్ల డాక్టర్ కావడం మామూలు సంగతి కాదు. చాలా వైద్య కళాశాలలు ఆడవాళ్ళను చేర్చుకునేవి కావు. అందుకే ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ళ కోసమే ఒక వైద్య కళాశాల నడిచేది. అన్నా 1879లో అక్కడ పట్టా పుచ్చుకున్నారు.

ఆ తర్వాత ఆమె నోరిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో, ఆడవాళ్ళ విభాగంలో పనిచేశారు. ఆ విభాగానికి 1880 నుంచి డాక్టర్ ఆలిస్ బెన్నెట్ అధిపతి. మతి చలించిన మనిషిని కట్టేయడం, బంధించడం అప్పటి ఆసుపత్రుల్లో మామూలు. బెన్నెట్ తన వార్డుల్లో ఆ పద్ధతి తీసేయించారు. కట్లు విప్పించి, చేతికి పని ఇప్పించి, రోగిని మనిషిలా చూడమన్నారు. రోగి హక్కులు అనే మాట ఎవరూ వాడని రోజులవి. అయినా ఆ హక్కు ఎలా ఉంటుందో ఆ వార్డుల్లో కనిపించేది. డాక్టర్‌గా అన్నా తొలి అనుభవం అక్కడిదే. ఒంటి జబ్బుతో పాటు మనసు బాధ కూడా లెక్కలోకి వచ్చే చోట ఆమె పని నేర్చుకున్నారు.

డాక్టర్‌ను టీచర్‌గా పంపారు

గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచే ఉంది. అక్కడ పనిచేస్తున్న మిషనరీ ఆడమ్ రో నుంచి అన్నాకు ఒక ఉత్తరం వచ్చింది. ఇక్కడి ఆడవాళ్ళకు వైద్యం చేసే ఆడ డాక్టర్ లేరు, రాగలరా అన్నది దాని సారాంశం. ఆమె సిద్ధపడ్డారు. ఆమెను పంపాల్సిన మహిళా మిషనరీ సంఘం మాత్రం సిద్ధంగా లేదు. వైద్యం పని మొదలుపెట్టే ఆలోచన తమకు ఇంకా లేదనీ, కావాలంటే జనానాల్లోని ఆడవాళ్ళకు చదువు చెప్పే టీచర్‌గా వెళ్ళవచ్చనీ చెప్పారు. పట్టా ఉన్న డాక్టర్ టీచర్ అన్న పేరుతో ఓడ ఎక్కాల్సి వచ్చింది. ఆమె 1883 ఆగస్టులో బయలుదేరి నవంబర్ చివర్లో గుంటూరు చేరారు.

ఆమె మిషనరీ అన్న సంగతి దాచాల్సింది కాదు. తన మతాన్ని ప్రచారం చేసే సంస్థ తరఫునే ఆమె వచ్చారు. ఆసుపత్రిలో ప్రార్థనలు జరిగేవి, బైబిల్ చదివేవారు. అందుకే ముస్లిం ఇళ్ళలోనూ హిందూ ఇళ్ళలోనూ అనుమానం ఉండేది. ఆ అనుమానానికి కారణమూ ఉంది. అయినా బిడ్డ ప్రాణం మీదికి వచ్చినప్పుడు జనం ఆమె దగ్గరికి వెళ్ళారు. ఎవరి దీన్ వాళ్ళు నిలుపుకుంటూనే ఆమె చేతి మందు పుచ్చుకున్నారు. రెండు వైపులా ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి ఏళ్ళు పట్టింది.

ఆమె జీతం టీచర్‌కు ఇచ్చేదే అయినా ఇళ్ళలో కనబడుతున్న జబ్బులు చూస్తూ ఊరుకోలేకపోయారు. చదువు చెప్పడానికి వెళ్ళిన జనానాలో ఒక మూల జ్వరంతో పడుకున్న పిల్ల, ఇంకో మూల కాన్పు దెబ్బకు లేవలేని తల్లి ఉంటే పుస్తకం ఎలా తెరుస్తారు? తొలి ఏడాదిలోనే ఆమె 185 మంది రోగులను వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూశారు. తను ఉంటున్న ఇంటి దగ్గర మరో 276 మందికి వైద్యం చేశారు. ఎవరూ అప్పజెప్పని పని అది. చివరికి 1885 డిసెంబర్‌లో సంఘం దిగివచ్చి ఆమెను వైద్య మిషనరీగా గుర్తించింది.

గడప లోపల ఏం జరిగేది

ఆ రోజుల్లో జనానాలోకి వెళ్ళే ఆడ డాక్టర్ ఎలాంటి ప్రమాదాలు చూసేవారో వైద్యం తెలిసినవారు ఊహించగలరు. చిన్న వయసులో పెళ్ళి, ఒళ్ళు పూర్తిగా ఎదగకముందే గర్భం, వెంటవెంటనే కాన్పులు. రక్తహీనత. శుభ్రం లేని చేతుల వల్ల బాలింత జ్వరం. శుభ్రం లేని కత్తితో బొడ్డు కోయడం వల్ల పసిబిడ్డకు ధనుర్వాతం. ఎండ తగలని ఇరుకు గదుల్లో ఏళ్ళ తరబడి ఉండటం వల్ల ఎముకలు మెత్తబడి, కటి ఎముక వంగిపోయి, బిడ్డ బయటికి రాలేకపోవడం. ఈ చివరి జబ్బుకు కారణం ఎండ ద్వారా ఒంటికి అందే డి విటమిన్ లోపమని తర్వాతి దశాబ్దాల్లో వైద్యులు తేల్చారు. పర్దా పాటించినంత మాత్రాన ఆ జబ్బు వచ్చేది కాదు. ఒంటికి ఎండ తగలకపోవడం వల్ల వచ్చేది. అంగనంలో ఒంటికి ఎండ తగిలే ఇంట్లో పర్దా ఉన్నా ఆ ముప్పు తక్కువ.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటి. జబ్బు ఎవరిదో ఆమె నోరు తెరిచేది కాదు. ఆమె తరఫున ఇంకొకరు చెప్పేవారు. మగ హకీం బయట కూర్చున్నంత కాలం అది తప్పలేదు. ఆడ డాక్టర్ వచ్చి మంచం పక్కన కూర్చున్నాక మొదటిసారి రోగి తన సంగతి తనే చెప్పుకోగలిగింది. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి, ఇంతకుముందు ఎంతమంది పిల్లలు పోయారు, నిద్ర పడుతోందా, ఇంట్లో తిండి సరిపోతోందా. ఇవన్నీ భర్త ముందు, అత్త ముందు నోటికి రాని మాటలు. ఈరోజు నర్సింగ్ పుస్తకాల్లో రోగి అంచనా అని చెప్పే పనికి ఇదే పునాది. వినకుండా నాడి పట్టుకుంటే సగమే తెలుస్తుంది.

బ్రాహ్మణ ఇళ్ళలో ఇబ్బంది ఇంకో రకం. అక్కడ పర్దా కన్నా మడి ముఖ్యం. ఆమె ముట్టుకుంటే మైల. ఆమె వెళ్ళాక ఆమె తాకిన బట్టలూ వస్తువులూ కడుక్కునేవారు. రోగిని ముట్టుకోకుండా రోగం ఎలా తెలుస్తుంది? అయినా ఆమె కోపగించుకుని వెళ్ళిపోలేదు. పిలిచిన ఇంటికల్లా వెళుతూ వచ్చారు. కాలం గడిచేకొద్దీ ఆ గుమ్మాలు కొంచెం కొంచెంగా తెరుచుకున్నాయి.

ఇటుక మీద ఇటుక

ఇళ్ళు తిరిగి చేసే వైద్యానికి హద్దు ఉంటుంది. ఆపరేషన్ ఇంట్లో చేయలేరు. రాత్రంతా కనిపెట్టుకుని ఉండాల్సిన రోగిని వదిలి ఇంకో ఇంటికి పోలేరు. అందుకని ఆసుపత్రి కట్టాలని అన్నా పట్టుబట్టారు. సెలవు మీద అమెరికా వెళ్ళినప్పుడు ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. గుంటూరులో స్థలం కొన్నారు. ముందు డిస్పెన్సరీ వచ్చింది. 1898 నాటికి ఆడవాళ్ళ, పిల్లల ఆసుపత్రి రోగులతో నడుస్తోంది. అప్పటికి గుంటూరు ఇంకా జిల్లా కేంద్రం కూడా కాదు. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. తర్వాతి ఏళ్ళలో కాన్పుల విభాగం, పిల్లల వార్డు, ఆపరేషన్ల భవనం ఒక్కొక్కటిగా లేచాయి. చీరాలలో డాక్టర్ మేరీ బేర్ ఇలాంటి పనే చేపట్టారు. పల్నాడులోని రెంటచింతలకూ ఈ వైద్యం చేరింది.

గోడలు లేచినంత మాత్రాన ఆసుపత్రి కాదు. డాక్టర్ వచ్చి చూసేది పది నిమిషాలు. మిగతా ఇరవై నాలుగు గంటలూ రోగిని చూసేది నర్సు. 1890లలో క్యాథరిన్ ఫాస్ అనే శిక్షణ పొందిన నర్సు అమెరికా నుంచి వచ్చి అన్నాకు తోడయ్యారు. స్థానిక ఆడపిల్లలకు నర్సు పని నేర్పడం మొదలైంది. ఆ రోజుల్లో నర్సు పనికి మన సమాజంలో గౌరవం లేదు. పరాయివాళ్ళ మలమూత్రాలు ఎత్తడం, పురుడు పోయడం తక్కువ పని అనుకునేవారు. మంచి ఇంటి పిల్లలను పంపేవారు కాదు. ఇస్లాం చరిత్ర తెలిసినవారికి ఇది వింతగా ఉండాలి. ఖందక్ యుద్ధంలో గాయపడిన సహాబీ సఅద్ బిన్ ముఆజ్‌కు మదీనాలో సేవ చేసింది రుఫైదా అనే మహిళ. ఆమె డేరాయే ఆనాటి ఆసుపత్రి. అంత పెద్ద పేరున్న పనిని తర్వాతి తరాలు చిన్నచూపు చూశాయి.

నర్సుకు నేర్పేది ఏమిటి? ఫ్లారెన్స్ నైటింగేల్ 1860లో లండన్‌లో నర్సుల బడి పెట్టినప్పటి నుంచీ అసలు పాఠం ఒకటే: కనిపెట్టి చూడటం. జ్వరం ఎంత, నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, ఊపిరి ఎలా ఉంది, మూత్రం వచ్చిందా, రక్తస్రావం ఆగిందా, ఏం తిన్నారు, ఎంత నిద్రపోయారు. చూసినదాన్ని రాసిపెట్టడం. నిన్నటికీ ఈరోజుకూ తేడా పట్టుకోవడం. కాన్పు అయిన మూడో రోజు సాయంత్రం జ్వరం కాస్త పెరిగిందని నర్సు గమనిస్తే తల్లి బతుకుతుంది. గమనించకపోతే వారంలో కబరుస్తాన్‌కు మోసుకుపోవాలి. యాంటీబయాటిక్ మందులు లేని కాలంలో ఆ తేడాయే ప్రాణం.

రోగితో పాటు వచ్చే కుటుంబం గురించీ ఆలోచించాల్సి వచ్చింది. వేరేవాళ్ళ చేతి వంట తినని ఇళ్ళవాళ్ళు ఆసుపత్రి అంటేనే జంకేవారు. ఏలూరు జమీందారు, కవి మంత్రిప్రెగడ భుజంగరావు తన కుటుంబానికి అన్నా చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి దగ్గర ఒక సత్రం కట్టించారు. హిందూ రోగుల బంధువులు అక్కడ దిగి, తమ వంట తామే వండుకునే వీలు కలిగింది. రోగి నమ్మకాన్ని గౌరవిస్తే రోగి తొందరగా ఆసుపత్రికి వస్తుంది, ఆలస్యం కాకముందే వస్తుంది. ఆ సత్రం చేసిన మేలు ఒక వార్డు చేసిన మేలుకు తక్కువ కాదు.

నలభై ఏడేళ్ళ కొలువు

1905లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. స్వదేశం వెళ్ళి స్థిరపడే అవకాశం ఉన్నా ప్రతిసారీ సెలవు ముగియగానే గుంటూరుకే తిరిగివచ్చారు. 1928లో తన ఆసుపత్రి కథను పుస్తకంగా రాశారు. రెండేళ్ళకు, 1930 జూలై 26న, గుంటూరులోనే కన్నుమూశారు. వచ్చినప్పుడు వయసు ఇరవై ఏడు, పోయేనాటికి డెబ్బై నాలుగు. మధ్యలో నలభై ఏడేళ్ళు. ఆమె పోయాక ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది.

ఆమె ఉండగానే లోకం కొంత మారింది. 1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. శిక్షణ లేకుండా నర్సునని చెప్పుకోవడానికి వీల్లేని పరిస్థితి అలా మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం చేశారు. తక్కువ పని అనిపించుకున్నది చదువు, పరీక్ష, రిజిస్ట్రేషన్ ఉన్న వృత్తి అయింది. ఈరోజు మన ఇళ్ళ నుంచే ఎందరో అమ్మాయిలు నర్సింగ్ చదివి విశాఖలోనూ, హైదరాబాద్‌లోనూ, గల్ఫ్ దేశాల్లోనూ పనిచేస్తున్నారు. కొందరికి ఇంటి ఖర్చంతా వాళ్ళ జీతం మీదే నడుస్తోంది.

చట్టం వచ్చింది, అలవాటు పోలేదు

ఇప్పుడు తెర లేదు, మగ డాక్టర్ గుమ్మం బయట కూర్చోవడం లేదు. అయినా పాత అలవాటు ఒకటి మిగిలే ఉంది. చీడికాడ లాంటి ఊళ్ళోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా, చోడవరం ఆసుపత్రిలోనైనా, విశాఖ కేజీహెచ్‌లోనైనా నర్సు కేస్‌షీట్ పట్టుకుని అడిగితే రోగి బదులు పక్కనున్నవారు జవాబు చెబుతారు. నొప్పి కోడలిది, మాట అత్తది. అన్నా కుగ్లర్ నాటి జనానాలోని చిక్కే ఇది.

నర్సు అడిగే ప్రశ్నలు ఊసుపోక అడిగేవి కావు. ఒక్కోదానికీ ఒక ప్రాణం ఖరీదు ఉంది. ఏ మందు పడదో చెప్పకపోతే ఇంజెక్షన్ వికటించవచ్చు. ముందు కాన్పులో ఎక్కువ రక్తం పోయిందని చెబితే ఈసారి రక్తం సిద్ధంగా ఉంచుతారు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. బీపీ 140/90 దాటితే జాగ్రత్త పడాలి. షుగర్ ఉన్నవారు రంజాన్‌లో రోజా పెట్టే ఉద్దేశం ఉంటే నెల ముందే చెప్పాలి, మందుల వేళలు మార్చాల్సి ఉంటుంది. నాటు మందో, యునానీ మందో వాడుతుంటే దాచకూడదు.

మనసు సంగతి కూడా అంతే. కాన్పు తర్వాత తల్లి ఊరికే ఏడుస్తుంటే, నిద్ర పట్టకపోతే, బిడ్డను చూడబుద్ధి కాకపోతే దాన్ని దిష్టి అనో, గాలి సోకిందనో వదిలేస్తారు. దాన్ని గుర్తించడానికి పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టీ 1987 నుంచి వాడుకలో ఉంది. పది నిమిషాలు చాలు. ఆ పది ప్రశ్నలు మాత్రం తల్లిని ఒంటరిగా అడగాలి.

హక్కుల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. మగ డాక్టర్ ఆడ రోగిని పరీక్షించేటప్పుడు పక్కన ఒక మహిళ ఉండాలని అడగడం రోగి హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఆ మాట ఉంది. బుర్ఖా తీయమన్నప్పుడు తెర అడగడం మొండితనం కాదు. జబ్బు వివరాలు బయటికి పొక్కకుండా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. ఆపరేషన్‌కు ఒప్పుకునేది వయసు వచ్చిన రోగి తనే. తెలివిలో ఉన్న మహిళ బదులు ఆమె తల్లి సంతకం చేసినా చెల్లదని 2008లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మానసిక రోగిని గొలుసులతో కట్టేయకూడదని 2017 నాటి చట్టం నిషేధించింది. నోరిస్‌టౌన్ వార్డుల్లో కట్లు విప్పిన నూటముప్పై ఏళ్ళకు పైగా గడిచాక మన దగ్గర అది చట్టమైంది.

అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చినప్పుడు ఆమె చేతిలో ఈ చట్టాలేవీ లేవు. ఆమెను డాక్టర్ అని ఒప్పుకున్న సంస్థ కూడా లేదు. గుమ్మం దాటి లోపలికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, రోగినే అడిగారు. ఈసారి ఇంట్లో ఆడవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు చేయాల్సింది కూడా పెద్దదేమీ కాదు. నర్సమ్మ ప్రశ్న అడిగినప్పుడు కాసేపు బయటికి వచ్చి నిలబడితే చాలు. జవాబు ఆమెనే చెప్పనివ్వాలి.